బొగ్గు నుసి ఉండలు: గుల్, లెకో, బ్రికెట్ల సంగతి

చంద్రపూర్, ఘుగ్గుస్, బల్లార్‌పూర్, రాజురా వైపున్న మన తెలుగువాళ్ళకు గుల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బొగ్గు నుసిలో కాస్త మట్టి, కాస్త పేడ కలిపి, లడ్డూలా ఉండ చుట్టి, ఎండబెట్టి శెగడిలో వేసేదే గుల్. ఒడిశాలో తాల్చేరు, బ్రజరాజ్‌నగర్ గనుల చుట్టుపక్కలా ఇదే మాట వినిపిస్తుంది. తమిళనాడులో నైవేలి, కడలూరు వైపు పెద్దవాళ్ళను కదిపితే లెకో అని ఇంకో పేరు చెబుతారు. అదీ ఈ జాతిదే, కాకపోతే ఫ్యాక్టరీలో పుట్టింది. బరంపురం, యానాం, హోసూరు, బళ్ళారి పాఠకులకు మాత్రం ఇది కొత్త సంగతి కావచ్చు. అక్కడ కుంపటి అంటే కట్టెబొగ్గుల కుంపటే.

2016 మే 1న ఉజ్వల పథకం మొదలయ్యాక చాలా ఇళ్ళకు గ్యాసు పొయ్యి వచ్చింది. గుల్ వాడకం తగ్గింది, పోలేదు. సిలిండరు ఖాళీ అయినప్పుడు, చలికాలం రాత్రుళ్ళు కాళ్ళు చేతులు కాచుకోవడానికి, స్నానానికి నీళ్ళు కాచడానికి, బాలింత గది వెచ్చగా ఉంచడానికి శెగడి బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే నుసి నుంచి నిప్పు దాకా ఈ సరుకు గురించి తెలిసినదంతా ఒకచోట పెడుతున్నాం. ముందుగానే ఒక మాట: పొగ రాని నిప్పు వేరు, ప్రమాదం లేని నిప్పు వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే మూసిన గదుల్లో ప్రాణాలు పోతున్నాయి.

నుసి ఎక్కడ నుంచి వస్తుంది

గనిలో బొగ్గును పేల్చినా, కోసినా, లారీలోకి ఎత్తినా, బెల్టు మీద పంపినా కొంత పొడి అవుతూనే ఉంటుంది. బొగ్గు కడిగే వాషరీల్లో ఇంకా మెత్తని నుసి నీళ్ళతో కలిసి బురదగా మిగులుతుంది. దాన్ని స్లర్రీ అంటారు. పెద్ద బాయిలర్లున్న కరెంటు కేంద్రాలకు నుసితో ఇబ్బంది లేదు, అవి బొగ్గును ఎలాగూ పిండిలా రుబ్బే కాలుస్తాయి. చిక్కంతా చిన్న పొయ్యికే.

పొడి బొగ్గును కుంపట్లో పోస్తే సగం జల్లెడలోంచి కిందికి రాలుతుంది. మిగిలిన సగం గాలి దూరకుండా గడ్డలా పేరుకుపోతుంది. బొగ్గు మండాలంటే ముక్కకూ ముక్కకూ మధ్య సందు ఉండాలి. నుసిని ఉండ చేయడంలో ఉన్న కిటుకు అంతా ఈ సందే. ఉండలు గుండ్రంగా ఉంటాయి గనుక ఒకదాని మీద ఒకటి పేర్చినా మధ్యలో గాలికి దారి మిగులుతుంది. కొరియా వాళ్ళు, చైనా వాళ్ళు ఈ దారిని ఉండల మధ్య వదలకుండా ఉండలోనే పెట్టారు. నిలువునా చిల్లులు పొడిచిన బిళ్ళలు వాళ్ళవి.

గని దగ్గర గుట్టలుగా పడి ఉన్న నుసి ఎవరిదీ కాదని కొందరి భ్రమ. బొగ్గు గనులు 1973లో జాతీయమయ్యాయి. చంద్రపూర్ వైపు గనులు నాగపూర్ కేంద్రంగా ఉన్న వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌వి, తాల్చేరు, ఈబ్ లోయ గనులు మహానది కోల్‌ఫీల్డ్స్‌వి. అనుమతి లేకుండా ఎత్తుకుంటే దొంగతనం కేసే. కేసు సంగతి అటుంచితే, ఓబీ గుట్టలు, బొగ్గు గుట్టలు అడుగున తవ్వితే పైనుంచి జారి మీద పడతాయి. గంపెడు నుసి కోసం ఆ అంచున కూర్చునేవాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ.

చేతి గుల్

తయారీ ఇంటికో లెక్క. మామూలుగా ఎనిమిది తొమ్మిది పాళ్ళ నుసికి ఒక పాలు బంకమట్టి, ఒక పాలు పేడ. ముందు నుసిని జల్లించి రాళ్ళు, నల్లని మెరుపు లేని బూడిదరంగు పలకలు ఏరేయాలి. అవి బొగ్గు కాదు, షేలు. మండవు సరిగదా, ఒక్కోసారి నిప్పులో టపాకాయలా పేలతాయి. మట్టిని విడిగా నానబెట్టి, జారుగా చేసి కలిపితే నుసి అంతటా సమంగా పడుతుంది. పొడి మట్టినే నుసిలో వేసి పైన నీళ్ళు చల్లితే ఒకచోట ముద్దగా, ఒకచోట ఇసకగా మిగిలి ఎండాక పగులుతుంది. పిడికిట్లో పట్టి నొక్కినప్పుడు వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు, వదిలితే రాలకూడదు. అది పాకం.

నిమ్మకాయంత ఉండలైతే త్వరగా అంటుకుంటాయి, త్వరగా ఆరిపోతాయి. చిన్న బత్తాయంత ఉండలు నిదానంగా కాలుతాయి, వెచ్చదనానికి ఇవే మేలు. నాలుగైదు రోజులు ఎండాలి. పైకి ఎండినట్టే కనిపిస్తుంది గానీ లోపల తడి ఉంటే నిప్పులో పగిలి మళ్ళీ నుసే అవుతుంది. అంతేకాదు, ఆ తడిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చయి, పొగ కమ్ముతుంది. ఒక ఉండను విరిచి చూడండి. మధ్యలో రంగు ముదురుగా ఉంటే ఇంకో ఎండ కావాలి.

మట్టి ఎక్కువైతే ఉండ గట్టిగా, అందంగా వస్తుంది. మంట మాత్రం తగ్గుతుంది. మన దేశపు బొగ్గులో అసలే బూడిద ఎక్కువ. 35 శాతం బూడిదున్న నుసి తొంభై కిలోలకు పది కిలోల మట్టి కలిపితే మొత్తం మీద బూడిద 41 శాతం దాటుతుంది. అంటే పది ఉండలు కాలిస్తే నాలుగు ఉండల బరువు బూడిదే ఎత్తిపోయాలి. పేడ కూడా కాలుతుంది కనుక అది నష్టం కాదు. మట్టినే పొదుపుగా వాడాలి. పిండి గంజి కలిపేవాళ్ళూ ఉన్నారు. నూటికి నాలుగైదు పాళ్ళ గంజితో ఉండ బాగానే కడుతుంది, బూడిద పెరగదు. వానాకాలంలో చెమ్మ తగిలితే మాత్రం మెత్తబడి బూజు పడుతుంది.

యంత్రం, జిగురు

ఫ్యాక్టరీల్లో రెండు రోలర్ల మధ్య నుసిని నొక్కి కోడిగుడ్డు ఆకారంలో తీస్తారు. నొక్కుడు ఎంత బలంగా ఉంటే జిగురు అవసరం అంత తగ్గుతుంది. బెల్లపు మడ్డి, సున్నం కలిపిన జిగురు, పిండి, బెంటొనైట్ మట్టి, తారు, ఇలా ఎన్నో వాడారు.

వీటిలో తారు చరిత్ర చెప్పుకోవాలి. బ్రిటన్‌లో వేల్స్ రేవుల దగ్గర, స్వాన్సీ, కార్డిఫ్ ఊళ్ళలో, పంతొమ్మిదో శతాబ్దంలోనే నుసిని కోల్‌తార్ పిచ్‌తో కలిపి ఇటుకలుగా పోసేవారు. ఇటుక ఆకారం గనుక ఓడలో సందు లేకుండా పేర్చుకోవచ్చు. పేటెంట్ ఫ్యూయల్ అనే పేరుతో అవి దేశదేశాలకు వెళ్ళాయి. గట్టిగా ఉండేవి, వానకు కరిగేవి కావు, బాగా మండేవి. పిచ్ పొడి ఒంటి మీద పడే కూలీలకు మాత్రం చర్మ క్యాన్సర్లు వచ్చాయి. ఇప్పటికీ రోడ్డు తారు, పాత డ్రమ్ముల అడుగున మిగిలిన తారు కలిపి ఉండలు చేద్దామని ఎవరైనా అంటే వద్దనే చెప్పండి. ఆ పొగ ఇంట్లో పీల్చదగ్గది కాదు. ప్లాస్టిక్ కరిగించి కలపడమూ అంతే.

లెకో, హైదరాబాదు ప్రయోగాలు

బొగ్గు పొగ ఎక్కడినుంచి వస్తుందంటే, బొగ్గు వేడెక్కగానే బయటపడే నూనెల ఆవిరి నుంచి. దాన్ని ముందే తీసేస్తే మిగిలింది దాదాపు పొగ లేకుండా కాలుతుంది. కట్టెను బట్టీలో పెట్టి కట్టెబొగ్గు చేసినట్టే రాక్షసి బొగ్గును కూడా గాలి తగలకుండా కాల్చడం అన్నమాట. 500 నుంచి 700 డిగ్రీల మధ్య చేస్తే తక్కువ వేడి కార్బనీకరణ అంటారు. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే ఇప్పటి ఐఐసీటీ, సింగరేణి బొగ్గు మీద ఈ పని చాలాకాలం చేసింది. సింగరేణి బొగ్గు ఉక్కు కొలుముల కోక్‌కు పనికిరాదు. ఇంటి పొయ్యికైనా పొగలేని బొగ్గుగా పనికొస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న.

నైవేలిలో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించారు. నైవేలి లిగ్నైట్ సంస్థ 1956లో ఏర్పడింది. అక్కడి లిగ్నైట్ గనిలోంచి తీసినప్పుడు బరువులో ఇంచుమించు సగం నీరే. ఆరబెడితే పొడి పొడిగా రాలిపోతుంది, దూరం మోయలేం. అందుకని ఆరబెట్టి, జిగురు లేకుండానే విపరీతమైన ఒత్తిడితో బిళ్ళలు చేసి, వాటిని కార్బనీకరించేవారు. అలా వచ్చినదే లెకో. తమిళనాడు ఇళ్ళలో, హోటళ్ళలో కట్టెబొగ్గుకు బదులు వాడేవారు. అక్కడ స్థిరపడ్డ మన ఇళ్ళలోనూ ఇనప కుంపట్లో లెకో వేసి, విసనకర్రతో విసురుతూ కాఫీ కాచినవాళ్ళు ఇంకా ఉన్నారు. అంటుకోవడం ఆలస్యం, అంటుకున్నాక మాత్రం గంటల తరబడి ఆగేది. గ్యాసు వచ్చాక గిరాకీ పోయి ఆ విభాగం మూతపడింది.

మంగోలియా ఊళ్ళో ఏం జరిగింది

నుసి ఉండలతో ఊరంతా వెచ్చబడాలని ప్రభుత్వమే పూనుకుంటే ఏమవుతుందో ఉలాన్‌బాతర్ చూపించింది. ప్రపంచంలో అత్యంత చలి రాజధాని అది. జనవరి రాత్రి సున్నాకు 30 డిగ్రీల కిందికి పోతుంది. ఊరి అంచుల్లో గుండ్రని గుడారాల్లో, చిన్న ఇళ్ళలో రెండు లక్షలకు పైగా కుటుంబాలు ముడి బొగ్గు కాల్చుకునేవి. చలికాలంలో గాలి కొలతలు లోకంలోనే అతి చెడ్డవాటిలో ఉండేవి.

2019 మే 15 నుంచి అక్కడ ముడి బొగ్గును నిషేధించారు. దానికి బదులు, తవన్ తొల్గోయ్ గనుల బొగ్గు కడిగినప్పుడు మిగిలే రెండో రకాన్ని నొక్కి బ్రికెట్లు చేసి సంచుల్లో అమ్మారు. తర్వాతి చలికాలంలో గాలిలో మసి బాగా తగ్గింది. ఊరు కళ్ళకు కనిపించింది.

కానీ ఆ మొదటి చలి నెలల్లోనే కార్బన్ మోనాక్సైడ్ తగిలి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. జనం పాత పొయ్యిలోనే, పాత పద్ధతిలోనే కొత్త సరుకు కాల్చారు. ముడి బొగ్గయితే పొగ గొట్టం పూడుకుపోగానే ఇల్లంతా పొగతో నిండి, కళ్ళు మండి, దగ్గి లేచేవారు. బ్రికెట్ అలా లేపలేదు. పొయ్యి సరిచేయడం, గొట్టాలు శుభ్రం చేయడం, ఇంట్లో హెచ్చరిక పరికరాలు పెట్టడం ఆ తర్వాత జోరందుకున్నాయి. ఈ వరస తిరగబడి ఉండాల్సిందని మా అభిప్రాయం. ముందు పొయ్యి, తర్వాత బొగ్గు.

దక్షిణ కొరియా ఇదే పాఠం దశాబ్దాల పాటు నేర్చుకుంది. అక్కడి ఆంత్రసైటు బొగ్గు గనిలోనే పొడి అయ్యే రకం. దాన్ని 3.6 కిలోల బిళ్ళగా నొక్కి, 22 చిల్లులు పెట్టి, యొంతాన్ అని అమ్ముతారు. ఒక బిళ్ళ రాత్రంతా కాలుతుంది. ఆ వేడి గది నేల కింద కాలువల్లో పారి నేలనే వెచ్చబరిచేది. నేలలో చిన్న పగులు వచ్చినా చాలు, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయేవారు. 1960ల నుంచి 1980ల దాకా చలికాలపు వార్తల్లో ఇది మామూలైపోయింది.

వాసన లేని విషం

ఇది ఎలా పుడుతుందో తెలిస్తే ఎప్పుడు జాగ్రత్తపడాలో తెలుస్తుంది. కుంపటి అడుగున గాలి తగిలిన చోట బొగ్గు పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైకి వస్తూ ఎర్రగా కాగిన బొగ్గుల మధ్యనుంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన గాలి, వేడి రెండూ చాలినంత ఉంటే అది కాలిపోతుంది. గుల్ నిప్పు మీద నాట్యమాడే నీలి మంట అదే. వేడి తగ్గి నీలి మంట పోయిందనుకోండి, గ్యాసు పుట్టడం ఆగదు, కాలడం ఆగుతుంది.

మనవాళ్ళు చేసేదేమిటి? వాకిట్లో వెలిగించి, పొగ పోయేదాకా ఆగి, మంట తగ్గి ఉండల మీద తెల్లని బూడిద పొర కట్టాక, ఇక భయం లేదని శెగడిని పడక గదిలోకి తెచ్చి తలుపు వేసుకుంటారు. సరిగ్గా అప్పుడే అది ప్రమాదకరంగా తయారవుతుంది. రాత్రంతా నిప్పు నిలవాలని బూడిద కప్పితే మరీను.

ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కడుపులో తిప్పడం, కాళ్ళు తేలిపోవడం. చాలామంది దీన్ని అజీర్తి అనుకుంటారు, జలుబు అనుకుంటారు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వస్తే అది అజీర్తి కాదు. నిద్రలో ఉన్నవాళ్ళకు ఈ సూచన కూడా అందదు. పసిబిడ్డలు త్వరత్వరగా ఊపిరి తీస్తారు గనుక వాళ్ళకు ముందే ఎక్కుతుంది. బాలింత గదిలో మంచం కింద కుంపటి పెట్టే అలవాటును మానుకోవాలని మేము గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే వేడి నీళ్ళ సీసా, ఇంకో దుప్పటి, పక్క గదిలో నిప్పు మీద వెచ్చబరిచిన గుడ్డలతో సరిపెట్టండి.

గదిలో నీళ్ళ గిన్నె పెడితే గ్యాసును పీల్చుకుంటుందనే నమ్మకం ఒకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ నీటిలో దాదాపు కరగదు. గిన్నె వల్ల ఉపయోగం లేదు. ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నా అంతే. పనిచేసేవి రెండే: పొగ గొట్టం ఉన్న పొయ్యి, లేదా నిద్రకు ముందు శెగడిని బయట పెట్టడం. నిప్పు గదిలో ఉన్నంతసేపు ఎదురెదురుగా రెండు కిటికీలైనా తెరిచి ఉండాలి. ఎవరైనా సొమ్మసిల్లి కనిపిస్తే తలుపులన్నీ తీసి ముందు ఆరుబయటికి మోసుకెళ్ళాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి. ఆ గదిలోనే కూర్చుని నీళ్ళు చల్లుతూ ఉంటే చల్లేవాళ్ళూ పడిపోతారు. ఆసుపత్రిలో బొగ్గు కుంపటి సంగతి తప్పక చెప్పాలి. చెప్పకపోతే వేరే జబ్బుకు వైద్యం మొదలవుతుంది.

పొగ తగ్గించుకోవడానికి ఒక మంచి పద్ధతి దక్షిణాఫ్రికా బొగ్గు ఊళ్ళలో ప్రచారం చేశారు. అందరూ చేసేదానికి తలకిందులు. ఉండలు అడుగున పేర్చి, వాటి మీద కాగితం, పుల్లలు పెట్టి, పైనుంచి అంటించాలి. అంటుకున్నాక పైన నాలుగు ఉండలు వేయాలి. కింద బొగ్గులోంచి లేచే పొగ పైనున్న మంటలోంచి పోతూ కాలిపోతుంది. కళ్ళు మండవు, నుసి ఆదా. వెలిగించడం మాత్రం ఆరుబయటే.

మట్టి గురించి ఇంకో మాట

చైనాలో గుయిజౌ అనే కొండ రాష్ట్రంలో లక్షల మందికి పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగాయి. మన నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో చూసే ఫ్లోరోసిస్ జబ్బే. మనకు అది నీళ్ళనుంచి వచ్చింది, వాళ్ళకు పొయ్యినుంచి. బొగ్గు నుసిని మట్టితో కలిపి గొట్టం లేని పొయ్యిలో కాల్చి, ఆ పొగ మీదే మొక్కజొన్న కంకులు, మిరపకాయలు ఆరబెట్టేవారు. ఫ్లోరిన్ బొగ్గులో కన్నా కలిపే మట్టిలోనే ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. అదే దేశంలో యున్నాన్‌లోని షువాన్‌వెయ్‌లో పొగబొగ్గు వాడిన ఇళ్ళ ఆడవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపించింది. పొయ్యికి గొట్టం పెట్టిన ఇళ్ళలో తగ్గింది. ఇంట్లో శుద్ధి చేయని బొగ్గు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. మన మట్టిలో ఫ్లోరిన్ ఎంతుందన్నది ఊరూరికీ మారుతుంది కనుక, శెగడి పొగ మీద మిరపకాయలు, వడియాలు ఆరబెట్టకపోవడమే తెలివి.

గ్యాసుతో పోలిస్తే

గుల్ చవకన్న మాట ఎంత నిజమో ఒకసారి లెక్క కట్టాం. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు, కిలోకు సుమారు 11,000 కిలో క్యాలరీలు. పొయ్యి మీద అందులో 60 శాతం గిన్నెకు చేరిందనుకుంటే 93,000 చిల్లర. చేతి గుల్ కిలోకు 3,500 అనుకుందాం. గొట్టం లేని శెగడి మీద అయిదో వంతు గిన్నెకు చేరితే గొప్పే, అంటే కిలోకు 700. ఒక సిలిండరు చేసే వంటకు 130 కిలోలకు పైగా గుల్ కావాలి. నుసి కొనుక్కునేవాళ్ళు తమ ఊరి ధరతో దీన్ని హెచ్చవేసి చూసుకోవచ్చు, మోత కూలి, ఎండబెట్టిన రోజులు కూడా కలుపుకుని. ఊరికే దొరికిన నుసికే గుల్ లాభం.

నిల్వ, బూడిద

బొగ్గు నుసిని ఇంటి గోడకు ఆనించి పెద్ద కుప్పగా పోయకండి. గాలి తగిలిన నుసి లోపల్లోపల వేడెక్కి దానంతటదే రాజుకోగలదు. పలుచగా పరిచి, పైన రేకు వేసి ఉంచాలి. ఉండలు చేసి ఎండబెట్టాక ఈ భయం తగ్గుతుంది. వాన తగలని చోట పెడితే ఏడాదైనా చెడవు.

కట్టెబూడిదతో గిన్నెలు తోమినట్టు బొగ్గు బూడిదతో తోమకూడదు. దానిలో ఇసక ఉంటుంది, భార లోహాలూ ఉండవచ్చు. కూర మళ్ళలో ఎరువుగానూ పనికిరాదు. గుంతలు పూడ్చడానికి, వాకిట్లో బురద మీద పోయడానికి వాడతారు, తడిపి పోస్తే ఎగరదు. పోసేముందు ఒక్కో ఉండనూ కట్టెతో చితక్కొట్టాలి. పైకి తెల్లగా చల్లారిన ఉండ మధ్యలో నిప్పు మర్నాడు పొద్దున దాకా ఉంటుంది.